అమ్మ ‘గ్యాస్’ అంటే నర్సు ఏం అడుగుతుంది? లివర్, గాల్ బ్లాడర్, పాంక్రియాస్ జబ్బుల్లో ఇంటివాళ్ల పని

వేసవి రాగానే అమెరికాలోని మన ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. సూట్‌కేసులో ఆవకాయ, కారప్పొడులతో పాటు ఒక మందుల సంచీ కూడా దిగుతుంది. ఇక ప్రతి వీకెండ్ ఎవరో ఒకరింట్లో భోజనాలే. అలాంటి ఒక రాత్రి పెద్దావిడ పొట్ట పట్టుకుని కూర్చుంటారు. ఏమైందంటే ‘ఏం లేదమ్మా, పైత్యం చేసింది’ అంటారు. వాము నమిలిస్తాం, ఈనో కలిపిస్తాం. చాలాసార్లు దాంతో తగ్గిపోతుంది కూడా. తగ్గనప్పుడే చిక్కు.

పైత్యం అన్న మాట పిత్తం నుంచి వచ్చిందే. కానీ వాడుకలో అది వికారం నుంచి తలతిరుగుడు దాకా అన్నిటికీ సరిపోతుంది, ఎదుటివాడి పిచ్చికి కూడా. ఈఆర్‌లో ఆ మాటను మనం ‘గ్యాస్’ అని అనువదిస్తాం, నర్సు అదే రాసుకుంటుంది. అందుకే జబ్బు పేరు మనం పెట్టకుండా, ఆవిడకు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పడం మేలు. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు పాకుతోంది, తిన్న ఎంతసేపటికి వచ్చింది, వాంతులయ్యాయా, చలిజ్వరం ఉందా, మూత్రం ఏ రంగులో ఉంది? ట్రయాజ్ నర్సుకు కావలసింది ఇవే.

గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటే నొప్పి సాధారణంగా కుడివైపు పక్కటెముకల కింద గానీ, బొడ్డుకు పైన మధ్యలో గానీ వస్తుంది. నెయ్యీ నూనే బాగా పడిన భోజనం తర్వాత మొదలై, కుడి భుజం వెనక్కి పాకుతుంది. కొన్ని గంటల్లో దానంతటదే తగ్గితే రాయి కదిలి మళ్లీ సర్దుకుందని అనుకోవచ్చు, అయినా డాక్టరుకు చూపించాల్సిందే. నొప్పి గంటల తరబడి వదలకపోయినా, జ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోకూడదు. నొప్పి, చలిజ్వరం, కళ్లు పచ్చబడటం మూడూ కలిస్తే పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగే జబ్బు కాదది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దూసుకుపోతూ, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయమనిపించే నొప్పి అయితే పాంక్రియాస్‌ను అనుమానించాలి. చెమటలు, ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే గుండె కావచ్చు, వెంటనే 911. ఈఆర్‌లో పొట్టనొప్పి అంటే ముందు ఈసీజీ తీస్తారేమిటని విసుక్కునేవాళ్లుంటారు. ఆ రెండు నొప్పులూ పైకి ఒకేలా ఉండవచ్చు కాబట్టే ముందు గుండె సంగతి తేల్చుకుంటారు.

మన ఒంటి రంగు మీద కామెర్లు త్వరగా కనపడవు. పచ్చని బల్బు వెలుతురులో అసలే తెలియదు. కిటికీ దగ్గర పగటి వెలుగులో కంటి తెల్లగుడ్డు చూడాలి, నాలుక పైకెత్తించి దాని కింద చూడాలి. మూత్రం చిక్కటి టీ డికాక్షన్‌లా, మలం సుద్దలా తెల్లగా ఉన్నాయంటే పిత్తం దారి మూసుకుందని అర్థం. ఈ రెండు సంగతులూ అడగడానికి మొహమాటపడితే పని జరగదు.

ఇక అందరూ లోలోపల భయపడేది బిల్లుకు. 1986లో వచ్చిన ఎమ్టాలా చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఏ ఆసుపత్రి అయినా, ఈఆర్‌కు వచ్చినవాళ్లకు ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా పరీక్ష చేసి, ప్రాణాపాయ స్థితి ఉంటే స్థిరపరచాలి. బిల్లు రాదని కాదు, తప్పకుండా వస్తుంది. కానీ లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానం ఒకటి రాతపూర్వకంగా పెట్టుకోవాలని చట్టం. దాని అప్లికేషన్, పద్దులవారీ బిల్లు రెండూ అడిగి తీసుకోండి. ఇండియాలో స్కాన్‌లో రాళ్లు ముందే బయటపడి ఉంటే, విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు దాన్ని పాత జబ్బు అని పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. నొప్పి ఎప్పుడూ రాని రాళ్లకు మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు. ఒకటి రెండుసార్లు నొప్పి వచ్చిపోయిన వాళ్లు మాత్రం విమానం ఎక్కేముందే అక్కడి సర్జన్‌తో తేల్చుకుని రావడం అన్ని విధాలా నయం.

ఆసుపత్రిలో చేరాక నర్సు సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటుంది. మన అమ్మలు ‘పర్వాలేదు’ అంటారు. పర్వాలేదుకు అంకె లేదు. నొప్పి మందు చాలావరకు ఆ అంకెను బట్టే ఇస్తారు. నొప్పితో గాలి సరిగా పీల్చని మనిషికి న్యుమోనియా పట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ‘కాన్పు నొప్పి పది అనుకుంటే ఇది ఎంత?’ అని అడిగి చూడండి. అంకె వస్తుంది.

భాష రాని రోగికి ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. అఫర్డబుల్ కేర్ చట్టం 1557వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. తెలుగు దుబాసీ ఫోన్‌లోనో వీడియోలోనో వస్తారు. మేమున్నాం కదా, ఎందుకు అనకండి. కొడుకు ఎదుట అమ్మ మలం రంగు చెప్పదు. కోడలి ఎదుట మామగారు తాను రోజూ ఎన్ని పెగ్గులు తాగుతారో చెప్పరు, ‘అప్పుడప్పుడు’ అంటారు. ఈ అప్పుడప్పుడే ప్రమాదం. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో మద్యం ఒక్కసారిగా ఆగిపోతే, రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనపడటం, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ముందే తెలిస్తే నర్సులు గంటగంటకూ కనిపెట్టి మందు ఇస్తారు. ‘నాన్నగారితో ఒంటరిగా మాట్లాడండి’ అని నర్సు చెవిన వేసి, మనం కాఫీకి వెళ్లిపోవడమే మనం చేయగల పెద్ద సాయం.

గాల్ బ్లాడర్‌ను లాపరోస్కోపీతో తీసేస్తే చాలామంది ఆ రోజో మర్నాడో ఇంటికి వచ్చేస్తారు. ఆపరేషన్ పొట్టకైతే భుజం నొప్పి ఏమిటని కంగారుపడతారు. పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చేదది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, నడిస్తే తేలికపడుతుంది. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకోవాలి. ఆసుపత్రి ఇచ్చిన ఊపిరి పీల్చే ప్లాస్టిక్ పరికరం బొమ్మలా టేబుల్ మీద ఉండిపోకూడదు, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి వాడించాలి. ఇక నెయ్యి ముట్టకూడదా అన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. పిత్తాన్ని తయారు చేసేది లివర్, గాల్ బ్లాడర్ దాచిపెట్టే సంచి మాత్రమే. కొన్ని వారాలు నూనె తగ్గించి, తర్వాత మెల్లగా మామూలు భోజనానికి రావచ్చు. కొందరికి విరేచనాలు పలచగా అవుతాయి, డాక్టరుకు చెప్తే దానికీ మందుంది. జ్వరం, పెరిగే నొప్పి, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్రం ఆపరేషన్ చేసిన చోటికి అదే రోజు ఫోన్ చేయాలి. డ్రెయిన్ సంచితో పంపితే అది ఎప్పుడూ నడుముకు కిందే ఉండాలి. రోజూ ఎంత వచ్చింది, ఏ రంగు అన్నది రాసి పెట్టుకోవాలి.

పాంక్రియాటైటిస్‌కు ఎక్కువగా కారణాలు రెండు: గాల్ బ్లాడర్ రాళ్లు, మద్యం. మూడోది ట్రైగ్లిజరైడ్లు. రక్తంలో అవి 1000 దాటాయంటే పాంక్రియాస్‌కు ముప్పు. ఒకప్పుడు రోజుల తరబడి నోటికి ఏమీ ఇచ్చేవారు కాదు. ఇప్పుడు జబ్బు తీవ్రంగా లేకపోతే, వాంతులు తగ్గి ఆకలి వేయగానే తినమంటున్నారు. సెలైన్ కూడా అంతే, విపరీతంగా ఎక్కించడం కంటే మితంగా ఇవ్వడమే మేలని 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అధ్యయనం చూపించింది. నర్సు తాగిన ప్రతి గుక్కా, పోసిన ప్రతి మూత్రమూ కొలిచేది ఆ లెక్క కోసమే. డబ్బాలో దొంగతనంగా ఇడ్లీ తెచ్చి పెడితే ఆ లెక్క తప్పుతుంది, అడిగి పెట్టండి.

మద్యం వాసన కూడా తెలియని కుర్రవాళ్లకు పాంక్రియాస్‌లో రాళ్లు కట్టే జబ్బు దక్షిణ భారతంలో ఎప్పటినుంచో ఉంది. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నడిపే హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి ఈ రాళ్లను పగలగొట్టి ఎండోస్కోపీతో తీయడంలో పేరు తెచ్చుకుంది. ఇంట్లో ఎవరికైనా ఇది ఉంటే ఇక్కడి డాక్టరుకు చెప్పండి. లేకపోతే ‘ఎంత తాగుతావు’ అన్న ప్రశ్న దగ్గరే సంభాషణ తిరుగుతుంటుంది.

ఈ జబ్బు ముదిరితే మలం జిడ్డుగా తేలుతుంది, మనిషి చిక్కిపోతాడు. అప్పుడు ఎంజైమ్ క్యాప్సూళ్లు ఇస్తారు. మన ఇళ్లలో ముందే చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది: అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న పాంక్రిలైపేజ్ క్యాప్సూళ్లన్నీ పంది పాంక్రియాస్ నుంచి తీసినవే. శాకాహారి అయిన పెద్దాయనకు ఇది మధ్యలో ఎవరో చెప్తే, మాట్లాడకుండా మాత్ర ఆపేస్తారు, మళ్లీ చిక్కిపోతారు. మొదటి రోజే చెప్పి, ఆయననే నిర్ణయించుకోనివ్వండి. వేసుకునే పద్ధతి కూడా ముఖ్యం. భోజనం అయ్యాక కాదు, మొదటి ముద్దతోనే వేసుకోవాలి. మింగలేకపోతే క్యాప్సూల్ విప్పి యాపిల్ సాస్ లాంటి పుల్లటి మెత్తటి పదార్థం మీద చల్లి, నమలకుండా మింగించాలి. పెరుగన్నంలో కలపకూడదు, పాల పదార్థాలు ఆ గింజల పైపూతను ముందే కరిగించేస్తాయి.

లివర్ సంగతికొస్తే, మనవాళ్ల మొదటి మాట పథ్యం. కామెర్లకు నేల ఉసిరి పసరు, చప్పిడి మెతుకులు. హెపటైటిస్ ఏ, ఈ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకు దక్కింది. సిర్రోసిస్ ఉన్న మనిషికి ఇదే పథ్యం పెడితే కండ కరిగిపోతుంది. ప్రోటీన్ తగ్గించాలన్నది పాత మాట. ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటున్నారు. పప్పు, పెరుగు, గుడ్డు, పనీర్ పెట్టండి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఆ లివర్ కండను కరిగించి శక్తి తీసుకుంటుంది. ఏకాదశులు, శనివారాలు ఉండే అత్తగారికి ఇది చెప్పడం కష్టమే, డాక్టరు చేత చెప్పించండి.

తగ్గించాల్సింది ఉప్పు. పొట్టలో నీరు చేరినవాళ్లకు రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం హద్దు. ఒక టీ స్పూను ఉప్పులోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆవకాయ, అప్పడం, క్యాన్ సూపు ఇక సెలవు. ‘లో సోడియం’ ఉప్పు కొనేముందు అడగండి, చాలావాటిలో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్లకు అది ప్రమాదం. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, తినకముందే బరువు చూసి రాయాలి. బరువు గబగబా పెరుగుతోందంటే అది నీరే.

లాక్ట్యులోజ్ అని ఒక తియ్యటి పాకం లాంటి మందు ఇస్తారు. మన ఇళ్లలో ఎక్కువగా ఆపేసేది దాన్నే. విరేచనాలవుతున్నాయని ఒకరు, షుగర్ ఉంది కదా అని ఇంకొకరు. రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు కావడమే దాని పని, లోపలి విషాలు మెదడుకు ఎక్కకుండా. ఆపితే మొదట పగలు నిద్ర, రాత్రి మెలకువ, తర్వాత తికమక, చాచిన చేతులు రెక్కల్లా కొట్టుకోవడం. రోజూ ఒకే కాగితం మీద తెలుగులో సంతకం చేయించండి. అక్షరాలు చెదిరిన రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. దాన్ని వయసు వల్ల మతిమరుపు అనుకుని నిద్రమాత్ర వేస్తే మనిషి లేవకపోవచ్చు. నల్లటి మలం, రక్తపు వాంతి అయితే 911.

ఇక ఆ మందుల సంచీ. ఇండియా నుంచి వచ్చిన డోలో, ఇక్కడి టైలినాల్, జలుబుకు తాగే నైక్విల్, మూడింట్లోనూ ఉన్నది పారాసిటమాలే. ఇక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు. ఆరోగ్యవంతులకు రోజుకు 4000 మిల్లీగ్రాములు దాటకూడదు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు సాధారణంగా 2000. ఎక్కువైన మొదటి రోజు మనిషి బాగానే కనిపిస్తారు, మోసం అక్కడే. విరుగుడు మందు ఎనిమిది గంటల్లోపు అందితే బాగా పనిచేస్తుంది. పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222, ఏ వేళలోనైనా ఉచితం. కోవిడ్ తర్వాత అలవాటైన తిప్పతీగ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులను ఇండియా డాక్టర్లే ప్రచురించారు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్ల మీద ఇక్కడి పరిశోధకులూ హెచ్చరించారు. కూరలో పసుపుకు ఢోకా లేదు. ఈఆర్‌కు వెళ్లేటప్పుడు ఆయుర్వేదం సీసాలతో సహా సంచీ మొత్తం తీసుకెళ్లండి.

చివరగా, అమ్మానాన్నలకే కాదు, మనకూ ఒక రక్తపరీక్ష. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా హెపటైటిస్ బీ పరీక్ష చేయించుకోవాలని సీడీసీ 2023లో చెప్పింది. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకా తెచ్చేదాకా ఇండియాలో ఆ టీకా సామాన్యులకు అందే ధరలో లేదు. అంతకుముందు పుట్టిన మనలో చాలామందికి చిన్నప్పుడు అది పడలేదు. ఇది కంచంలో కలిసి తింటే అంటదు. రక్తం ద్వారా, లైంగికంగా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఏటా చేసే ఫిజికల్‌లో ‘ట్రిపుల్ ప్యానెల్’ అని పేరు పెట్టి అడగండి. ఇన్ఫెక్షన్ ఉందని తేలితే ఇంట్లో అందరికీ పరీక్ష, లేనివాళ్లకు టీకా. ఉన్నవాళ్లకు క్రమం తప్పకుండా రక్తపరీక్షలు, డాక్టరు చెప్తే మందులు, క్యాన్సర్ ముప్పు ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి లివర్ అల్ట్రాసౌండ్.