పన్నెండో గీత దగ్గర ఎంత మందు?

ఇన్సులిన్ వాడేవారు మా ఓ.పి.కి వచ్చినప్పుడు రక్తపరీక్ష చీటీ కంటే ముందు వారి చేతిసంచీ అడుగుతాము. ఇంట్లో వాడే సిరంజీ, మందు సీసా, పెన్ను, సూదులు అన్నీ తెచ్చి చూపించమంటాము. కొందరికి ఇది చాదస్తంగా అనిపిస్తుంది. ఎందుకు అడుగుతామో ఈ సంగతి చదివితే తెలుస్తుంది.

డెబ్భై ఏళ్ళ పెద్దావిడను కొడుకు తీసుకొచ్చారు. ఒకే వారంలో మూడుసార్లు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడి, పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకున్నారట. "మోతాదు ఏమీ మార్చలేదు సిస్టరు గారూ, ఎప్పటిలాగే పన్నెండే చేస్తున్నాం" అన్నారు కొడుకు. "మామ్మగారూ, ఏదీ, ఆ సంచీ ఒకసారి ఇటివ్వండి" అని మా సిస్టరు తీసి చూస్తే, అందులో బటన్ బిగుసుకుపోయిన ఇన్సులిన్ పెన్ను ఒకటి ఉంది. పెన్నులో అమర్చే చిన్న గాజు గొట్టం, అంటే కార్ట్రిడ్జ్, విడిగా ఉంది. పెన్ను పాడైంది కదా, ఉన్న మందు పారేయడం ఎందుకని ఇంట్లో మిగిలిన పాత సిరంజీతో ఆ గొట్టంలోంచి మందు లాగి చేస్తున్నారు. లాగింది పన్నెండో గీత వరకే. కాని ఆవిడ ఒంట్లోకి వెళ్ళింది ముప్ఫై యూనిట్లు!

అదెలాగో చూడండి. ఇన్సులిన్‌ను యూనిట్లలో లెక్కిస్తారు. మన దేశంలో మందుల షాపుల్లో దొరికే సీసాల్లో చాలావాటిలో ఒక మి.లీ.కి 40 యూనిట్లు ఉంటాయి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లో మామూలుగా ఒక మి.లీ.కి 100 యూనిట్లు, అంటే 3 మి.లీ. గొట్టంలో 300 ఉంటాయి. సిరంజీలు కూడా రెండు రకాలు. 40 యూనిట్ల మందుకు ఎర్ర మూత సిరంజీ, 100 యూనిట్ల మందుకు నారింజ రంగు మూత సిరంజీ వాడాలి. ఎర్ర మూత సిరంజీలో పన్నెండో గీత అంటే 0.3 మి.లీ. ఆ సిరంజీలోకి 100 యూనిట్ల మందు లాగితే అదే గీత దగ్గర ముప్ఫై యూనిట్లు నిండుతాయి. రెండున్నర రెట్లు!

తారుమారైనా ప్రమాదమే. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ మూత సిరంజీతో పన్నెండో గీత వరకు లాగితే అయిదు యూనిట్లు కూడా రావు. షుగరు దిగదు. డాక్టరు మోతాదు పెంచుతారు. తర్వాత ఎప్పుడో షాపులో సరైన సిరంజీ ఇస్తే, పెంచిన మోతాదంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది.

అమెరికాలో 1970లలోనే 100 యూనిట్ల మందుకు మారడం మొదలైంది, బ్రిటన్ 1983లో మారింది. మన దగ్గర ఇప్పటికీ రెండు రకాలూ పక్కపక్కనే అమ్ముతున్నారు. అందుచేత ఇటువంటి పొరబాటుకు పేషెంటును తప్పుపట్టడం మాకు ఇష్టం ఉండదు. పైగా షుగరు వల్ల చూపు మందగించినవారే ఈ సన్నని గీతలు చదవవలసి వస్తోంది!

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు గాజు సిరంజీని నీళ్ళలో మరగబెట్టడం, మొద్దుబారిన సూదిని సానరాయి మీద నూరుకోవడం ఇంటి పనుల్లో ఒకటిగా ఉండేది. 1985లో డెన్మార్క్‌కు చెందిన నోవో కంపెనీ ఇంకు పెన్నులా జేబులో పెట్టుకునే ఇన్సులిన్ పెన్నును తెచ్చింది. సీసాలోంచి మందు లాగే పని పోయింది. నేటి పెన్నులలో అంకె తిప్పి, బటన్ నొక్కితే చాలు. మందు, కొలత ఒకే పరికరంలో ఉంటాయి కాబట్టి ఎర్ర మూతా నారింజ మూతా అన్న ప్రశ్నే రాదు. పెన్నులోని అసలు మేలు ఇదే అని మా అభిప్రాయం. నొప్పి తగ్గడం ఆ తర్వాతి మాట. అదీ తగ్గింది లెండి. ఇప్పుడు 4 మి.మీ. సూది పెద్దవారందరికీ, లావుగా ఉన్నవారికి కూడా సరిపోతుందని నిపుణులు చెబుతున్నారు. చర్మం మందం రెండు, రెండున్నర మి.మీ. మాత్రమే.

అయితే పరికరం తేలికైనంత మాత్రాన పొరబాట్లు ఆగిపోవు, చోటు మారతాయి. 2017లో అమెరికాలో ఒక హెచ్చరిక వచ్చింది. అక్కడి ఆసుపత్రుల్లో దానంతట అదే మూసుకునే సేఫ్టీ సూదులు వాడి పేషెంట్లకు నేర్పించారు. ఇంటికి వెళ్ళాక వారికి మామూలు పెన్ను సూదులు ఇచ్చారు. వాటికి బయటి మూత కాక లోపల సన్నని మూత మరొకటి ఉంటుంది. అది తీయాలని తెలియక కొందరు దానితోనే పొడుచుకున్నారు. మందు ఒంట్లోకి వెళ్ళలేదు. షుగరు విపరీతంగా పెరిగి ఒకరు చనిపోయారు కూడా. నేర్పినవారూ తప్పు చేయలేదు, నేర్చుకున్నవారూ చేయలేదు. నేర్పిన సూది వేరు, ఇంట్లో సూది వేరు.

ఇది చదివాక మేము కూడా మా పద్ధతి మార్చుకున్నాము. మా దగ్గర ఉన్న నమూనాతో కాక, ఎవరి సంచీలోని వస్తువుతో వారే చేసి చూపించాలి. పెన్ను వాడేవారు ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి సూది కొసన చుక్క కనబడిందో లేదో చూసుకోవాలి. పొడిచి బటన్ పూర్తిగా నొక్కాక మెల్లగా పది లెక్కపెట్టి అప్పుడు తీయాలి. సూదిని పెన్నుకే ఉంచేస్తే లోపలికి గాలి చేరుతుంది, మందు కారిపోతుంది. ఒకరి పెన్ను మరొకరు, సూది మార్చినా సరే, వాడకూడదు. రక్తం కార్ట్రిడ్జ్‌లోకి వెనక్కి వెళ్ళే అవకాశం ఉంది. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి మాకు తెచ్చివ్వండి. చెత్త ఎత్తే అమ్మాయి చేతికి గుచ్చుకోకూడదు కదా.

పెన్ను ఖర్చు భరించలేనివారు దిగులుపడవద్దు. సీసా, సిరంజీ సరిగ్గా వాడితే మందు అంతే బాగా పనిచేస్తుంది. కొనేటప్పుడు సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనా అని షాపు దగ్గరే చూసుకోండి. కళ్ళు కనబడకపోతే షాపతనితో చదివించుకోండి. కార్ట్రిడ్జ్‌లోంచి మాత్రం సిరంజీతో మందు లాగవద్దు. ఎప్పుడైనా చెమటలు, వణుకు, తికమక వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

ఆ మామ్మగారికి మళ్ళీ సీసా, ఎర్ర మూత సిరంజీలే రాసిచ్చాము. కొడుకు మా ముందే రెండుసార్లు మందు లాగి చూపించారు. మరుసటి నెల వచ్చినప్పుడు మా సిస్టరు ఏదో పనిలో ఉండి చీటీ అందుకోబోతే, ఆవిడే సంచీ బల్లమీద పెట్టి, "ముందు ఇది చూడమ్మా" అన్నారు.