రాకెట్ ఎంపికలో ఔచిత్యం

రాకెట్ క్రీడలు హైదరాబాదుకు కొత్తవి కావు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేతగా నిలిచాడు. 2015లో సానియా మీర్జా మహిళల టెన్నిస్ డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానాన్ని అందుకొన్నది. ఈ నగరానికి ఇటీవల చేరిన మరొక క్రీడ పాడెల్. 1969లో మెక్సికో దేశంలోని అకాపుల్కోలో ఎన్రికే కోర్క్వేరా దీనికి రూపకల్పన చేశాడు.

పాడెల్ కోర్టు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. దాని చుట్టూ అద్దాల గోడలు, లోహపు కంచె ఉంటాయి. ఇరువైపులా ఇద్దరేసి ఆడతారు. నేలను ఒకసారి తాకిన బంతి గోడకు తగిలి తిరిగివచ్చినా, అది రెండవసారి నేలను తాకకముందే తిప్పికొట్టవచ్చు. రక్షణాత్మక క్రీడకు ఈ నియమమే ఆధారం. గోడ సమీపంలో నిలిచిన క్రీడాకారుడు బంతిని ప్రత్యర్థుల తలల మీదుగా ఎత్తుగా పంపి, వారిని వల వద్దనుండి వెనుకకు మరలిస్తాడు. అతనికి కావలసినది బలం కాదు, నిలకడ, వ్యవధి.

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలలో తెరపై మెరిసిన వేషం వీధిలోకి రావడానికి ఎంతోకాలం పట్టదు. దుస్తుల విషయంలో అనుకరణ వలన కలిగే నష్టం స్వల్పమే. రాకెట్ విషయంలో అట్లు కాదు. మేటి ఆటగాని చేతిలో చూచినదానినే కొన్న అభ్యాసకుడు ధనంతోపాటు మోచేతి ఆరోగ్యాన్ని సైతం కోల్పోయే ప్రమాదమున్నది.

పాడెల్ రాకెట్‌కు తంత్రులుండవు. మెత్తని నురుగు పదార్థానికి ఇరువైపులా పలుచని పొరలు అతికించి, రంధ్రాలు చేస్తారు. ఆకారాన్నిబట్టి ఇవి ప్రధానంగా మూడు విధాలు: గుండ్రనివి, నీటిబొట్టు ఆకారం గలవి, వజ్రాకారం గలవి. వజ్రాకారపు రాకెట్‌లో బరువు పైభాగాన కేంద్రీకృతమవుతుంది. అందువలన దెబ్బకు బలం చేకూరుతుంది. కాని బంతి చక్కగా తగిలే చోటు చిన్నదై, పైకి జరుగుతుంది. గుండ్రని రాకెట్‌లో బరువు పిడివైపు ఉంటుంది. ఆ చోటు విశాలమై, నడుమ నిలుస్తుంది. గురి కొంత తప్పినా బంతి అదుపు తప్పదు. కావుననే రక్షణకు గుండ్రనిది శ్రేష్ఠం.

లోపలి నురుగు మెత్తనిదైతే చేయి వేగంగా ఊపకపోయినా బంతి దూరం పోతుంది. గోడ వద్ద చేయి ఊపడానికి చోటు తక్కువ గనుక ఈ గుణం మిక్కిలి ఉపకరిస్తుంది. అయితే వేడికి నురుగు మరింత మెత్తబడుతుంది. హైదరాబాదు వేసవిలో ఆడేవారికి మధ్యస్థపు మెత్తదనం మేలు. మూసి ఉంచిన కారులో రాకెట్‌ను ఎండకు వదలిపెట్టరాదు. పైపొర గాజు నారతో చేసినదైతే దెబ్బ మృదువుగా ఉంటుంది. కార్బన్ నారది గట్టిగా ఉంటుంది. బరువు విషయంలో 350 నుండి 370 గ్రాముల మధ్య ఉన్నవి అనేకులకు అనుకూలం. మరీ తేలికైనది ప్రత్యర్థి బలమైన దెబ్బకు కంపిస్తుంది. మరీ బరువైనది చేతిని అలసటకు గురిచేస్తుంది.

కొనుటకు ముందు రాకెట్‌ను పరీక్షించాలి. దుకాణంలో గాలిలో ఊపి చూచుట చాలదు. కోర్టులో వెనుక గోడ వద్ద నిలిచి పది బంతులను ఎత్తుగా పంపాలి. అవి ప్రత్యర్థి వెనుక గోడ సమీపాన పడుతున్నవా, మణికట్టు నొప్పి లేకుండా ఉన్నదా అని గమనించాలి. ధర, రంగు, ప్రకటనలు ఆ తరువాతివి.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని 11వ శతాబ్దంలో క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఎంత విలువైన అలంకారమైనా తగనిచోట ఉంటే శోభనివ్వదు. పాత్రకు తగిన నటుని ఎన్నుకొనే దర్శకుడు పాటించేదీ ఈ సూత్రమే. తన ఆట తీరును తాను ఎరిగిన క్రీడాకారునికే తగిన రాకెట్ లభిస్తుంది.