పూసలు లెక్కపెట్టాల్సిన నాణెం

అపోహ: వెండి నాణెం కాబట్టే అంత ధర.

1925 నాటి పోలండ్ 5 జ్లోటీల నాణేన్ని సేకర్తలు ‘రాజ్యాంగం’ అని పిలుచుకుంటారు. బరువు 25 గ్రాములు, అందులో 90 శాతం వెండి. అంటే 22.5 గ్రాములు, రెండు తులాలకు కాస్త తక్కువ. కరిగిస్తే వచ్చేది ఒక జత పట్టీల వెండి. వేలంలో ధర పలికించేది వెండి కాదు, ఆ నాణెం జనం చేతికి రాకపోవడమే.

రాకపోవడం వెనక ఉన్న కాలాన్ని చూడాలి. 1924లో ప్రధాని గ్రాబ్‌స్కీ పాత కరెన్సీని తీసేసి, 18 లక్షల మార్కులకు ఒక జ్లోటీ చొప్పున మార్చాడు. మరుసటి ఏడాదే జర్మనీతో సుంకాల యుద్ధం మొదలైంది, జ్లోటీ విలువ పడింది, నవంబరులో గ్రాబ్‌స్కీ దిగిపోయాడు. చివరికి 1928లో జనం చూసిన 5 జ్లోటీల నాణెం 18 గ్రాములే, వెండి 75 శాతం. 1932 నాటికి అదీ 11 గ్రాములకు తగ్గింది. ఏడేళ్లలో 22.5 గ్రాముల వెండి కాస్తా 8.25కి వచ్చింది!

అపోహ: నమూనా నాణెమైతే దాని మీద ‘ప్రూబా’ అని రాసి ఉంటుంది.

చాలావాటి మీద ఉంటుంది. పోలిష్‌లో ఆ మాటకు పరీక్ష అని అర్థం. ఇదీ నమూనా నాణెమే అయినా దీని మీద మాత్రం లేదు. అందుకే కొన్ని కేటలాగులు దీన్ని చెలామణీ నాణేల వరుసలోనే పెడతాయి. భూతద్దం పట్టి అంచు వెంట పూసలు లెక్కపెడితే 81 ఉన్న రకం, 100 ఉన్న రకం అని రెండు తేలతాయి. 81 పూసల వెండి నాణేలు వెయ్యి కొట్టారని కేటలాగుల లెక్క. వంద పూసలవి ఇంకా తక్కువ. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే.

పోలండ్ నాణెమంటే పోలండ్‌లోనే అచ్చయిందనుకోవడమూ పొరపాటే. 1924 నాటి 2 జ్లోటీలను పారిస్, బర్మింగ్‌హామ్, ఫిలడెల్ఫియాల్లో కొట్టారు.

ఇక మనవాళ్ల అలవాటు ఒకటుంది. కుంకుమ భరిణెను తోమినట్టు పాత వెండిని చింతపండుతోనో విభూతితోనో తళతళలాడించడం. నాణెం విషయంలో ఆ పని చేయకండి. నల్లబడిన ఆ పొర మురికి కాదు, దశాబ్దాలుగా పట్టిన సహజమైన పొర. తోమితే అది పోయి, వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు మిగులుతాయి. కొనేవాడు భూతద్దంతో మొదట వెతికేది వాటినే.