నూలు మిల్లు లాభాంశ విధానం

కంపెనీ నికర లాభంలో వాటాదారులకు ఎంత పంచాలి, వ్యాపారంలో ఎంత నిలిపి ఉంచాలి అనే నిర్ణయాన్ని లాభాంశ విధానం అంటారు. నిర్వచనం ఇంతే. విద్యార్థులు తడబడేది దాని వెనక ఉన్న ప్రశ్న దగ్గర: "లాభం వచ్చింది కదా, ఎందుకు పంచలేదు?" దీనికి జవాబు పరిశ్రమను బట్టి మారుతుంది. అందుకే ఇక్కడ ఒక్క నూలు మిల్లునే తీసుకుందాం.

నూలు మిల్లు లాభం ప్రధానంగా పత్తి కొన్న ధరకూ నూలు అమ్మిన ధరకూ మధ్య ఉండే తేడా. ఆ రెండు ధరలూ మిల్లు చేతిలో ఉండవు. మన కాకినాడకు ఈ సంగతి పాతదే. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి ఈ రేవు నుంచి ఎగుమతి అయ్యేది కాబట్టి ఆ రకానికి వర్తకంలో 'కోకనాడ' అనే పేరు వచ్చింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడి పత్తి ఆగిపోగానే ఇక్కడి ధర ఎగిరింది, యుద్ధం ముగియగానే పడిపోయింది. ఇలాంటి ముడిసరుకు మీద బతికే మిల్లు ఏటా ఒకే మొత్తం పంచుతానని మాట ఇవ్వడం కష్టం.

పైగా కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చేది ముఖ్యంగా అక్టోబరు నుంచి మార్చి వరకు. మిల్లులు ఆ నెలల్లోనే నిల్వ చేసుకుంటాయి. లెక్కలు ముగించే మార్చి 31 నాటికి డబ్బు బ్యాంకులో కాక గోదాములో బేళ్ల రూపంలో ఉంటుంది. ఒక ఊహా మిల్లును చూడండి. నికర లాభం రూ. 10 కోట్లు. తరుగుదల రూ. 6 కోట్లు నగదుగా బయటికి పోయేది కాదు కాబట్టి తిరిగి కలిపితే రూ. 16 కోట్లు. పత్తి నిల్వ పెరగడంలో రూ. 7 కోట్లు, బ్యాంకు రుణ వాయిదాకు రూ. 5 కోట్లు, అరిగిన యంత్రాల మార్పిడికి రూ. 3 కోట్లు పోయాయి. చేతిలో మిగిలింది రూ. 1 కోటి. ఈ మిల్లు లాభంలో సగం, అంటే రూ. 5 కోట్లు, పంచాలంటే మిగతా రూ. 4 కోట్లు పాత నిల్వ నుంచి తీయాలి, లేకపోతే అప్పు తేవాలి. లాభనష్టాల ఖాతా ఒక్కటే చూసినవారికి ఇది కనపడదు. నగదు ప్రవాహ నివేదిక కూడా చదవండి.

తరుగుదల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాతి గిరాకీ సంవత్సరాల్లో బొంబాయి మిల్లులు భారీ లాభాంశాలు పంచాయి. గిరాకీ పడిపోయాక, 1927 నాటి టారిఫ్ బోర్డు విచారణలో ఆ పంపకాలు కూడా చర్చకు వచ్చాయి. ఈనాటి కంపెనీల చట్టం, 2013లోని 123వ సెక్షన్ తరుగుదల తీసివేశాకే లాభాంశం ప్రకటించాలంటుంది.

అయితే నిలిపి ఉంచడమే మంచిదని అనుకోకండి. వాల్టర్ నమూనా అడిగేది ఒక్కటే: నిలిపిన రూపాయి మీద కంపెనీ ఎంత సంపాదిస్తుంది? వాటాదారులు 12 శాతం రాబడి ఆశిస్తుండగా కొత్త కదుళ్ల మీద 7 శాతమే వస్తుంటే, ఆ రూపాయిని పంచేయడమే మేలు.

దీనికి పేరుపొందిన ఉదాహరణ అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌కు చెందిన బెర్క్‌షైర్ హాథవే. 1955లో రెండు బట్టల కంపెనీల విలీనంతో ఏర్పడిన ఈ సంస్థ 1965లో వారెన్ బఫెట్ అధీనంలోకి వచ్చింది. ఆయన హయాంలో లాభాంశం ఇచ్చింది ఒక్కసారే, 1967లో వాటాకు 10 సెంట్లు. అదే ఏడాది కంపెనీ బీమా వ్యాపారం కొన్నది. లాభాన్ని పంచలేదు నిజమే, కానీ దాన్ని ఎక్కువగా మగ్గాల్లో పెట్టలేదన్నది గమనించండి. మగ్గాల్లో పెట్టిన కాస్త సొమ్ము ఏమైంది? 1981లో ఒక్కొక్కటి 5,000 డాలర్లకు కొన్న మగ్గాలను, 1985లో మిల్లు మూసేశాక, 26 డాలర్ల చొప్పున తుక్కు కింద అమ్మారు. మన చిన్న మిల్లులు చాలావాటికి బీమా కంపెనీ కొనే వీలుండదు. వాటి విషయంలో "బెర్క్‌షైర్ కూడా పంచలేదు కదా" అనే వాదన చెల్లదని నా అభిప్రాయం.

మరి ఎంత పంచాలి? జాన్ లింట్నర్ 28 కంపెనీల అధికారులతో మాట్లాడి, ఒకసారి పెంచిన లాభాంశాన్ని తగ్గించడానికి వారు చాలా జంకుతారని గమనించాడు. నూలు మిల్లుకు నాకు సబబుగా తోచేది ఇది: చెడ్డ ఏడాదిలోనూ ఇవ్వగలిగేంత చిన్న స్థిర లాభాంశం, మంచి ఏడాదిలో దానిపై ప్రత్యేక లాభాంశం. లాభం చాలని ఏడాది రిజర్వుల నుంచి తీసి ఇవ్వవచ్చు గానీ, రేటు సాధారణంగా గత 3 ఏళ్ల సగటును మించకూడదు.

వాటా కొనేవారు మరొకటి చూసుకోవాలి. "200 శాతం లాభాంశం" అని పత్రికలో చదివితే అది ముఖ విలువ మీద. ముఖ విలువ రూ. 1 అయితే మీకొచ్చేది రూ. 2. ఆ వాటాను రూ. 100కు కొన్నవారికి రాబడి 2 శాతమే. 2020 ఏప్రిల్ 1 నుంచి దానిపై పన్ను కూడా వాటాదారుడి చేతిలోనే పడుతోంది.

ప్రకటించిన లాభాంశాన్ని 30 రోజుల్లో చెల్లించాలి. ఎవరూ తీసుకోని సొమ్ము ప్రత్యేక ఖాతాలో 7 ఏళ్లు ఉండి, తరవాత మదుపరుల విద్య, రక్షణ నిధికి వెళుతుంది. వరసగా 7 ఏళ్లు లాభాంశం తీసుకోకపోతే వాటాలు కూడా అక్కడికే బదిలీ అవుతాయి. మీ ఇంట్లో తాతగారి నాటి మిల్లు వాటాపత్రాలు ఏవైనా ఉంటే తీసి చూడండి. ఆ నిధికి దరఖాస్తు చేసి వాటాలనూ సొమ్మునూ తిరిగి పొందే హక్కు వారసులకు ఉంది.