ఎనభై ఏడో వంతులో హిజాజ్ రైలు

మదీనా మునవ్వరాలోని అంబరియా ప్రాంతంలో ఒక పాత రైల్వే స్టేషన్ ఉంది. మస్జిదె నబవీ నుండి అంత దూరమేమీ కాదు. అయినా మన యాత్రికులలో అధికులు దాన్ని చూడకుండానే తిరిగివస్తారు. కొన్నేళ్ళ క్రితం ఉమ్రా యాత్రలో నేను అక్కడికి వెళ్ళాను. స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. పాత ఆవిరి ఇంజనూ, కొన్ని బోగీలూ నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాయి. ఒక బోగీ మెట్టుపై చెయ్యి ఉంచినప్పుడు, ఈ పట్టాలలో మన హైదరాబాదీయుల డబ్బు కూడా ఉన్నదన్న సంగతి గుర్తుకు వచ్చింది.

ఆ సంగతి మన ఇళ్ళలో తెలిసినవారు తక్కువ. ఉస్మానియా సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ 1900లో ఈ మార్గాన్ని ప్రకటించినప్పుడు ప్రపంచం నలుమూలల నుండి ముస్లింలు విరాళాలు పంపారు. హైదరాబాద్‌లో ఆ సేకరణకు నడుం కట్టినవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. దమస్కస్ నుండి ఒంటెల బిడారుకు దాదాపు 40 రోజులు పట్టే ప్రయాణాన్ని రైలు మూడు నాలుగు రోజులకు కుదించింది. 1908లో పట్టాలు మదీనా చేరాయి. మొత్తం దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. ముఖ్య ఇంజనీరు జర్మన్ దేశస్థుడైన మైస్నర్ పాషా. అయితే అల్ ఉలా దాటిన తర్వాత పవిత్ర భూమిలో పనిని ముస్లిం ఇంజనీర్లే చేపట్టారు. మక్కా వరకు పొడిగించాలన్న సంకల్పం నెరవేరలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ మార్గం దాడులకు గురైంది. ఆ తర్వాత దక్షిణ భాగం మళ్ళీ కోలుకోలేదు. పట్టాలు పోయాయి, కట్ట మిగిలింది, ఎడారిలో రాతి స్టేషన్లు మిగిలాయి.

తిరిగి వచ్చాక మదరసాలో ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత ఈ విషయం చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు, అంతే. పుస్తకంలోని మరొక పేజీ విన్నట్టే విన్నారు. ఒక విద్యార్థి మాత్రం మరునాడు వచ్చి, "హజ్రత్, ఆ స్టేషన్‌ను మనం చిన్నదిగా కట్టలేమా?" అని అడిగాడు. అతని తండ్రి రైల్వే వర్క్‌షాపులో బోగీల ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. మీటర్ గేజి బోగీల కింద పడుకొని సగం జీవితం గడిపిన మనిషి. ఆయన లేకపోతే ఈ వ్యాసమే లేదు.

చిన్నదిగా కట్టడమంటే బొమ్మ చేయడమనే నేను అనుకున్నాను. ఆయన నవ్వి, "మౌల్వీ సాబ్, బొమ్మకు కొలత అక్కర్లేదు. నమూనాకు కొలతే ప్రాణం" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది.

ఐరోపాలో ఈ విద్యకు ఎంతోకాలంగా స్థిరపడిన నిష్పత్తులున్నాయి. వాటిలో ఎక్కువగా వాడేది 1:87. అసలు వస్తువులో ఎనభై ఏడో వంతు అన్నమాట. ఒక అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు అని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. ఈ నిష్పత్తిలో 1 మీటరు 70 సెంటీమీటర్ల మనిషి రెండు సెంటీమీటర్లకు అర మిల్లీమీటరు తక్కువగా నిలుస్తాడు. మనం చేసే ఒక మిల్లీమీటరు పొరపాటు అసలు కట్టడంలో 8.7 సెంటీమీటర్ల పొరపాటు. దమస్కస్ నుండి మదీనా వరకు మొత్తం మార్గాన్ని ఇదే నిష్పత్తిలో వేయాలంటే 15 కిలోమీటర్ల పట్టాలు కావాలి! కనుక ఎంత ఓపిక ఉన్నవారైనా ఒక స్టేషన్‌తో, దానికి ఇరువైపులా కాస్త ఎడారితో సరిపెట్టుకోవలసిందే.

పట్టాల విషయంలో మాకు ఊహించని సౌకర్యం కలిగింది. హిజాజ్ రైలు పట్టాల మధ్య దూరం 1,050 మిల్లీమీటర్లు. ప్రపంచంలో మరెక్కడా అంతగా కనిపించని కొలత అది. దానిలో ఎనభై ఏడో వంతు 12 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి ఎక్కువ. స్విట్జర్లాండ్ కొండలలో నడిచే మీటర్ గేజి రైళ్ళ నమూనాల కోసం జర్మనీలో బెమో వంటి సంస్థలు 12 మిల్లీమీటర్ల పట్టాలనే తయారుచేస్తాయి. వింత ఏమిటంటే, స్విస్ రైళ్ళ 1,000 మిల్లీమీటర్లకు ఆ పట్టా అర మిల్లీమీటరు వెడల్పవుతుంది. మన హిజాజ్ రైలుకు మాత్రం కొలిచి చేసినట్టు సరిపోతుంది. గల్ఫ్‌లో ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకతను రెండు మీటర్ల పట్టాలనూ, కొన్ని ఇనుప చక్రాలనూ తెప్పించి పంపాడు. మిగిలినవన్నీ ఇక్కడి అట్ట, జిగురు, తీగలే.

ఇక కొలతల కథ. మదీనాకు ఉత్తరాన ఎడారిలో ఒక చిన్న స్టేషన్ శిథిలాన్ని అదే యాత్రలో చూశాను. ఈ మార్గంలో సుమారు ఇరవై కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఇలాంటివి కట్టారు. అవి స్టేషన్లూ అవును, చిన్న కోటలూ అవును. మందపు రాతిగోడలు, చదునైన మిద్దె, తుపాకీ గొట్టం పట్టేంత సన్నని రంధ్రాలు. నేను అడుగులతో పొడవు కొలిచాను, పన్నెండు మీటర్లకు కాస్త ఎక్కువ. ఎత్తు తెలియడానికి తోటి యాత్రికుడి 90 సెంటీమీటర్ల చేతికర్రను నిలబెట్టించి ఎదురుగా నిలిచి ఫోటోలు తీశాను. ఫోటోలో కర్ర ఎంత, గోడ ఎంత అని పోల్చుకుంటే ఎత్తు వచ్చేస్తుందని నా నమ్మకం.

ఆ లెక్క ప్రకారమే అట్టతో మొదటి నమూనా సిద్ధమైంది. చూడటానికి చక్కగానే ఉంది. విద్యార్థి దానిని చాలాసేపు చూసి, "హజ్రత్, ఈ తలుపులో దూరాలంటే తలపాగా ఉన్నవాడు వంగాలేమో" అన్నాడు. కొలిస్తే తలుపు ఎత్తు 21 మిల్లీమీటర్లు. అంటే అసలులో 1 మీటరు 83 సెంటీమీటర్లు. ప్రభుత్వం కట్టించిన స్టేషన్‌కు అంత పొట్టి తలుపా?

తప్పు నాదే. ఆ ఫోటోలో కర్ర గోడను ఆనుకొని లేదు, ఒక మీటరు ముందుకు ఉంది. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదిగా కనిపిస్తుంది. కర్ర పెద్దదైతే దానితో కొలిచిన గోడ చిన్నదవుతుంది. ఎనిమిది మీటర్ల దూరం నుండి తీసిన చిత్రంలో ఆ ఒక్క మీటరు వల్ల కట్టడమంతా ఎనిమిదో వంతు తగ్గిపోయింది. అదృష్టవశాత్తూ మరో ఫోటోలో కర్ర సరిగ్గా తలుపు పక్క రాళ్ళకు ఆని ఉంది. ఆ కర్ర ఎత్తులో మూడు రాతి వరుసలు పట్టాయి. అంటే వరుస 30 సెంటీమీటర్లు. తలుపు ఏడు వరుసలు. 2 మీటర్ల 10 సెంటీమీటర్లు. నమూనాలో 24 మిల్లీమీటర్లు! రాళ్ళు లెక్కపెట్టడమనే ఈ పద్ధతిని ఫిట్టరు గారు అంతకు ముందే చెప్పారు. కెమెరా ఉన్నదన్న ధీమాతో నేను చెవిన పెట్టలేదు. మొదటి నమూనాను పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం.

గోడలకు రెండు మిల్లీమీటర్ల అట్టను కోసి, దానిపై ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను పలుచగా పూశాం. అది ఆరీ ఆరకముందే, గోరు దిగని, సూది దిగే అదను ఒకటి ఉంటుంది. ఆ అదనులో స్కేలు పెట్టి మూడున్నర మిల్లీమీటర్లకు ఒక గీత చొప్పున వరుసలు గీసి, తర్వాత నిలువు గీతలతో రాళ్ళు విడదీయాలి. కింది వరుసలోని అతుకుపై పై వరుసలోని రాయి మధ్యభాగం రావాలి. తాపీ మేస్త్రీ ఎవరైనా చెప్పే మాటే, కానీ పిల్లలు గీసేటప్పుడు అదే మరచిపోతారు. మూలల దగ్గర ఒక వరుసలో పొడవు రాయి, మరో వరుసలో పొట్టి రాయి కనిపించాలి. అలా లేకపోతే గోడ కట్టినట్టు కాక అతికించినట్టు ఉంటుంది.

రంగు వేయడంలో ఇంకొక చమత్కారం. మొదట రాయికి ఉన్న మూల వర్ణం. ఆరాక నీళ్ళలా పలుచన చేసిన నలుపు పూసి వెంటనే గుడ్డతో తుడిచేస్తే, నలుపు గీతలలో మాత్రమే నిలుస్తుంది. చివరగా కుంచెకు లేత రంగు అంటించి, కాగితంపై తుడిచి, దాదాపు పొడిబారిన కుంచెతో గోడపై మెల్లగా రాస్తే రాళ్ళ అంచులు మాత్రమే వెలుగుతాయి. ఎండ పడినట్టే ఉంటుంది.

వానాకాలం వచ్చింది. ఒక ఉదయం గదిలోకి వెళ్తే పొడవాటి గోడ విల్లులా వంగి ఉంది. బయటివైపు ప్లాస్టరూ రంగూ ఉన్నాయి, లోపలి అట్ట మాత్రం పచ్చిగా వదిలేశాం, తేమ పీల్చింది. లోపలివైపు కూడా రంగు పూసి, అడ్డంగా అట్ట పట్టీలు బిగిస్తేగాని నిలువలేదు. లోపలిది కనబడదు కదా అని వదిలేసినందుకు శిక్ష అది.

స్టేషన్ కంటే సరుకు పెట్టె మాకు ఎక్కువ కష్టం కలిగించింది. కట్టడం కదలదు, పెట్టె కదలాలి. నాలుగు చక్రాల పెట్టెను పాత ఛాయాచిత్రాలు చూసి సన్నని ప్లాస్టిక్ రేకుతో చేశాం. పొడవు 8 సెంటీమీటర్లు. పలకల సందులు గీతలతో, గొళ్ళేలు రాగి తీగతో. పాత టెలిఫోను తీగలో దొరికే రాగి పోగు కడ్డీలకు సరిగ్గా సరిపోతుంది. పట్టాలపై పెట్టి తోస్తే మొదటి అతుకు దగ్గరే పడిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ పడింది.

ఫిట్టరు గారు దానిని అరచేతిలో పెట్టుకొని చూసి, "మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా నిలుస్తుంది. నాలుగు కాళ్ళ పీట నేల సమంగా లేకపోతే ఊగుతుంది" అన్నారు. ఒక ఇరుసును కదలకుండా బిగించి, రెండవ ఇరుసును మధ్యలో ఒక తీగముక్కపై త్రాసులా ఊగేట్టు అమర్చారు. పట్టా ఎక్కడ ఎత్తుపల్లంగా ఉన్నా నాలుగు చక్రాలూ దానిని తాకే ఉంటాయి. రెండవ లోపం బరువు. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఈ నిష్పత్తికి ఒక సూత్రం చెప్పింది. ముందు ఒక ఔన్సు, ఆపై పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. ఆ లెక్కన మా పెట్టెకు 73 గ్రాములు కావాలి. అది 20 గ్రాములు కూడా లేదు. నేలకు ఆనేట్టు అడుగున పాత నట్లు అతికించాం. ఆ తర్వాత అది పడలేదు.

కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. పాఠాల వేళ పోతోందని ఒకరు. ఆ మాటలో నిజం ఉంది కనుక గురువారం సాయంత్రానికే పని పరిమితం చేశాం. ఖర్చు గురించి మరొకరు అడిగారు. విదేశాల నుండి వచ్చిన పట్టాలు, చక్రాలు తప్ప మిగిలినదంతా పాత సామానే. స్టేషన్ ముందు మనుషుల బొమ్మలు, ఒంటెలు పెడదామని చిన్నపిల్లలు ముచ్చటపడ్డారు. పిల్లల ఆటబొమ్మల విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు తెలిసినదే. మదరసా గదిలో ప్రదర్శనకు ఉంచేది కనుక జాగ్రత్త వైపే మొగ్గి, ప్రాణుల రూపాలు వద్దన్నాను. బదులుగా నీళ్ళ తొట్టె, ఒంటె జీను, నేలపై పరచిన జానమాజు పెట్టారు. ఇప్పుడే ఎవరో వుజూకు లేచి వెళ్ళినట్టుంది. మనుషులు ఉంటే అంత బాగుండేది కాదేమో.

చివరి వాదన నాకూ పిల్లలకూ మధ్య జరిగింది. శిథిలమైన స్టేషన్‌ను చూసింది నేను. కూలిన మిద్దె, ఇసుక నిండిన గది, పట్టాలు లేని కట్ట, ఇవే నా మనసులో ఉన్నాయి. అలాగే కట్టాలన్నాను. 1908లో ఉన్నట్టు కట్టాలని పిల్లలు పట్టుబట్టారు. "పడిపోయింది మాకు ఇస్తారా హజ్రత్? మీ తాతలు డబ్బిచ్చింది పడిపోయినదానికి కాదు కదా?" అన్నాడు వారిలో ఒకడు. ఫిట్టరు గారి వైపు చూశాను. ఆయన పనిచేసిన మీటర్ గేజి మార్గం కూడా ఇప్పుడు లేదు, బ్రాడ్ గేజిగా మారిపోయింది. ఆయన ఏమీ అనలేదు. పక్కన పెట్టిన ఆ మొదటి పొట్టి నమూనాను తీసి, మిద్దెను వేలితో నొక్కి విరిచి, దానిపై జల్లించిన ఇసుక పోసి నా ముందు ఉంచారు.

ఇప్పుడు కార్యాలయ గదిలో బీరువాపై రెండూ ఉన్నాయి. తలుపు 24 మిల్లీమీటర్లు ఉన్నది పిల్లలది. 21 ఉన్నది నాది. సరుకు పెట్టె వారి స్టేషన్ ముందే ఆగి ఉంటుంది. తర్వాత నమాజు కోసం ప్రత్యేకంగా అమర్చిన బోగీ చేయాలట. ఆ రైలులో అలాంటిది ఉండేదని నేనే నోరు జారాను. దానికి నాలుగు చక్రాలు చాలవు, ఎనిమిది కావాలంటున్నారు ఫిట్టరు గారు.