కుక్కకు తలంటు.. ముందు వేళ్లకు పని!

పిల్లలు మారాం చేశారనో, ఇల్లు బోసిగా ఉందనో కుక్కపిల్లను తెచ్చుకునే మనవాళ్లు ఆస్ట్రేలియాలో తక్కువేం కాదు. అద్దె ఇళ్లల్లోనూ ఇప్పుడు కొంత వెసులుబాటు దొరికింది. ముందుగా అనుమతి అడగాల్సిందే గానీ.. విక్టోరియాలో 2020 మార్చి నుంచి, న్యూ సౌత్ వేల్స్‌లో 2025 మే నుంచి ఇంటి ఓనరు సరైన కారణం లేకుండా కాదనడానికి వీల్లేదు.

తెచ్చుకున్నాకే అసలు పని. మన ఊళ్లో అయితే కుక్క వాకిట్లో పడుకుంటుంది, బోరింగు దగ్గర నాలుగు చెంబుల నీళ్లతో దాని స్నానం అయిపోతుంది. ఇక్కడ సోఫా ఎక్కుతుంది, మంచం ఎక్కుతుంది. ప్రతిసారీ సెలూన్‌కు తీసుకెళ్తే డాలర్లు వదులుతాయి. కాస్త ఓపిక ఉంటే చాలా పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

నీళ్ల కంటే ముందు దువ్వెన

లాబ్రడూడుల్‌కు పేరు తెచ్చిపెట్టింది ఆస్ట్రేలియానే. భర్తకు కుక్క బొచ్చు పడని ఒక చూపులేని మహిళ కోసం 1989లో విక్టోరియాలోని గైడ్ డాగ్స్ సంస్థకు చెందిన వాలీ కాన్రన్ లాబ్రడార్‌ను, పూడుల్‌ను జతకట్టించారు. బొచ్చు పెద్దగా రాలదని ఇప్పుడు రకరకాల ‘ఊడుల్’ కుక్కలను కొంటున్నారు. రాలదు సరే.. ఊడిన వెంట్రుక లోపలే చిక్కుకుని ఉండలు కడుతుంది. తడిస్తే ఆ ఉండ ఇంకా బిగుస్తుంది. అందుకే స్నానానికి ముందే మొదళ్ల దాకా దువ్వాలి. హస్కీ, జర్మన్ షెపర్డ్ లాంటి రెండు పొరల బొచ్చున్న కుక్కలకు మాత్రం ఎండాకాలమని గుండు గీయించొద్దు. ఎండ నుంచి వాటి చర్మాన్ని కాపాడేది ఆ బొచ్చే.

మన షాంపూ దానికొద్దు

కుక్క చర్మం మన చర్మం లాంటిది కాదు. మన షాంపూ వాడితే పొడిబారి దురద పెడుతుంది. కుంకుడు రసం కళ్లల్లో పడితే మనకే మంట.. నోరులేని జీవి సంగతి చెప్పాలా? గోరువెచ్చని నీళ్లు, కుక్కల షాంపూ చాలు. నురగంతా పోయేదాకా కడిగి, చెవులు తడి లేకుండా తుడవాలి. ఇక్కడ సులువుగా దొరికే టీ ట్రీ ఆయిల్‌ను చెట్టు మందే కదా అని రాయొద్దు. చిక్కటి నూనె కొద్దిగా ఒంటికి పట్టినా, నాకినా కుక్కకు విషమే. గోళ్లు కొసలు మాత్రమే, కొద్దికొద్దిగా కత్తిరించాలి. లోపల రక్తనాళం ఉంటుంది, నల్లగోళ్లలో అది కనిపించదు.

ఒక్క పిడుదు చాలు

పిడుదులంటే మనకు కొత్త కాదు, ఊళ్లో ఏరి పారేసేవాళ్లం. కానీ ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఉండే ‘పారాలిసిస్ టిక్’ వేరు. ఉత్తర క్వీన్స్‌లాండ్ నుంచి విక్టోరియా తూర్పు కొస దాకా, సముద్రానికి దగ్గరి పొదల్లో, గడ్డిలో ఇది ఉంటుంది. ఒంటిని పట్టుకుని మూడు నాలుగు రోజులు రక్తం పీల్చేసరికి దాని విషం కుక్క కండరాలను చచ్చుబరుస్తుంది. వెనక కాళ్లు తూలుతాయి, అరుపు మారుతుంది, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. వసంతం, ఎండాకాలాల్లో బెడద ఎక్కువ. అంటే ఇక్కడ సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అన్నమాట! మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు సెలవులకు కుక్కతో సిడ్నీ, గోల్డ్ కోస్ట్ వైపు వెళ్తే ఈ సంగతి మర్చిపోవద్దు.

వెట్ చెప్పిన నివారణ మందు తప్పకుండా వాడాలి. అయినా ఏ మందూ నూటికి నూరు పాళ్లు కాపాడదు. అందుకే సీజన్‌లో రోజూ ముక్కు నుంచి తోక దాకా వేళ్లతో తడమాలి. తల, మెడ, చెవుల లోపల, పెదవుల కింద, ముందుకాళ్ల సందులు, కాలివేళ్ల మధ్య.. ఏదీ వదలొద్దు. వేళ్ల మధ్య గుచ్చుకున్న గడ్డి గింజలూ ఇలాగే దొరుకుతాయి.

పిడుదు కనిపిస్తే పెట్ షాపులో దొరికే చిన్న కొక్కెంతో వెంటనే తీసేయాలి. కిరోసిన్, అగ్గిపుల్ల చిట్కాలు వద్దు. తీసేశాక కూడా ఒకటి రెండు రోజులు పరిస్థితి ముదరొచ్చు. తూలుతున్నట్టు కనిపిస్తే తిండి, నీళ్లు పెట్టకుండా వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. గొంతు పట్టు తప్పితే మింగింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

షిఫ్ట్ దిగి అలసిపోయి వచ్చినా ఐదు నిమిషాలు చాలు, టీవీ చూస్తూ కూడా చేయొచ్చు. స్నానం వారం ఆలస్యమైనా ఫర్వాలేదు గానీ ఈ తడమడం మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.