రొయ్యల కూరలో మందుల శేషం

అమెరికాలోని ఒక తెలుగు ఇంట ఆదివారం నాడు రొయ్యల వేపుడు పొయ్యిమీద ఉన్నదంటే, ఆ రొయ్య భీమవరం ప్రాంతపు చెరువులోనో, నెల్లూరు తీరంలోనో పెరిగినదై ఉండవచ్చును. గత దశాబ్దకాలంగా అమెరికాకు రొయ్యలు పంపే దేశాలలో భారతదేశం ముందు వరుసలో ఉన్నది. ఆ ఎగుమతులలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం. కావున పెంపకపు రొయ్యలలో యాంటీబయాటిక్ అవశేషాల ప్రశ్న తెలుగువారికి రెండు విధాల సంబంధించినది: తినేవారూ వారే, పెంచేవారూ వారే.

చెరువులో మందు అవసరం ఎందుకు కలుగుతుంది? 2009లో మన దేశానికి వనామీ రకం అధికారికంగా వచ్చిన తరువాత చెరువులలో రొయ్యపిల్లల సాంద్రత బాగా పెరిగినది. తిన్న మేత, తినక మిగిలిన మేత, విసర్జన పదార్థాలు అడుగున చేరి కుళ్లుతాయి. అట్టి నీటిలో విబ్రియో జాతి బాక్టీరియా వృద్ధి చెందుతుంది. లక్షల పెట్టుబడి కళ్ల ముందే చచ్చి తేలుతుంటే, ఎవరో చెప్పిన మందును మేతలో కలపడానికి రైతు వెనుదీయడు. విచారకరమైన విషయమేమనగా, చెరువులను తుడిచిపెట్టే తెల్లమచ్చ తెగులుకు కారణం వైరస్. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. మందుకు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది, శేషం మాత్రం మిగులుతుంది.

ఈ మందులలో రెండింటిని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది క్లోరాంఫెనికాల్. పాత తరం వారికి ఇది టైఫాయిడ్ మందుగా సుపరిచితం. అరుదుగా కొందరిలో ఇది ఎముక మజ్జను దెబ్బతీసి, రక్తకణాల ఉత్పత్తినే నిలిపివేస్తుంది. ఈ ప్రమాదం మోతాదుపై ఆధారపడి ఉండదు. అందుచేత ఆహారంలో ఇంతవరకు ఉంటే క్షేమమని చెప్పగల హద్దును నిపుణులు నిర్ణయించలేకపోయారు. రెండవది నైట్రోఫ్యూరాన్ల వర్గం. అసలు మందు కొద్ది గంటలలోనే రొయ్య శరీరంలో మార్పు చెందుతుంది గాని, దాని నుండి పుట్టిన పదార్థాలు మాంసకృత్తులను అంటిపెట్టుకొని వారాల తరబడి నిలుస్తాయి. జంతువులపై జరిగిన ప్రయోగాలలో ఈ వర్గపు మందులకు క్యాన్సర్ కలిగించే గుణం కనిపించినది. ఈ రెండింటినీ భారతదేశం కూడా రొయ్యల సాగులో నిషేధించినది.

కడిగినా, గడ్డకట్టించినా, ఉడికించినా ఈ అవశేషాలు పోతాయనుకోరాదు. నైట్రోఫ్యూరాన్ శేషాలు వేపుడు వేడికి కూడా చాలావరకు తట్టుకుంటాయి.

అయితే ఒక పూట తిన్న కూరకు భయపడవలసిన పని లేదు. అవశేషాల కొలత ఎంత సూక్ష్మమైనదంటే, 2003లో ఐరోపా సమాజం క్లోరాంఫెనికాల్‌ను కిలోకు 0.3 మైక్రోగ్రాముల స్థాయిలోనే పట్టుకోగల పరీక్షలు ఉండాలని నిర్దేశించినది. అంతకన్నా పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. మందు పదేపదే తగిలిన బాక్టీరియా దానిని తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఆ శక్తిని మనుషులకు రోగం కలిగించే బాక్టీరియాకూ అందించగలదు. నాడు పనిచేసిన మందు రేపు ఆసుపత్రిలో పనిచేయకపోవచ్చును. చెరువు నీరు కాలువలో కలిసే పల్లెకు ఈ ముప్పు మరింత దగ్గరిది.

దిగుమతి దేశాల తనిఖీలు ఏ మేరకు రక్షిస్తాయి? ఐరోపా సమాజం 2016లో భారతదేశపు పెంపకపు సరకులో పరీక్షించే భాగాన్ని 10 శాతం నుండి 50 శాతానికి పెంచినది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2007లో చైనా నుండి వచ్చే పెంపకపు రొయ్యలను, కొన్ని రకాల చేపలను పరీక్షా ఫలితం చూపితే తప్ప విడుదల చేయరాదని ఆదేశించినది. కాని 2009 ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థ మందుల అవశేషాలకై పరీక్షించినది దిగుమతి అయిన మత్స్య ఉత్పత్తులలో సుమారు 0.1 శాతమేనని 2011లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం వెల్లడించినది. కనుక అసలైన కాపలా రేవులో కాక చెరువు గట్టునే ఉండాలి. పట్టుబడికి ముందే నమూనా తీసి పరీక్షించే ప్రయోగశాలలు కోస్తా జిల్లాలలో వెలసినవి. తిరస్కరణకు గురైన ఒక్క కంటెయినర్ వల్ల కలిగే నష్టం మందు వాడని రైతుల ధరనూ దెబ్బతీస్తుంది.

గృహిణులు, గృహస్థులు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. అమెరికాలో 2005 నుండి పెద్ద దుకాణాలు చేపలు, రొయ్యలపై ఏ దేశానివో, పెంచినవో సముద్రంలో పట్టినవో తెలుపవలెను. పిండి అద్ది తయారుచేసిన సరకుకు, ఫలహారశాలలకు ఈ నియమం వర్తించదు. కావున పొట్లంపై వివరాలు చదవాలి, లేనిచోట అమ్మేవారిని అడగాలి. ఎప్పుడూ ఒకే రకం కాక, మార్చి మార్చి వండుకొనుట మేలు.

స్వదేశంలో చెరువులున్న బంధువులతో ఫోనులో మాట్లాడునపుడు కౌంటు ఎంత, ధర ఎంత అని అడగడం సహజం. ఈసారి నీటి పరీక్ష, మందుల పరీక్ష చేయించారా అని కూడా అడగవచ్చును. ఆ సమాధానం ఆ పల్లె ఆరోగ్యానికీ, ఈ ఇంటి పళ్లేనికీ ఒకే విధంగా అవసరం.